బ్యాంకు పేరుతో వచ్చిన మెయిల్ అసలుదా, దొంగదా? తేల్చుకోవడం ఎలా

"మీ ఖాతా కేవైసీ గడువు ముగిసింది. ఈ రాత్రి 12 గంటల్లోపు వివరాలు అప్‌డేట్ చేయకపోతే ఖాతా నిలిపివేస్తాం." పైన స్టేట్ బ్యాంకు నీలం రంగు గుర్తు, మధ్యలో ఒక పెద్ద బటన్, అడుగున ముంబయి ప్రధాన కార్యాలయం చిరునామా. ఇలాంటి మెయిల్ మీకు వచ్చిందనుకోండి. అది అసలుదో కాదో తేల్చుకోవడానికి రెండు మూడు నిమిషాలు చాలు. ఏ వరుసలో ఏం చూడాలో ఇక్కడ చెబుతున్నాను. చాలామందికి జీతం, పింఛను అందులోనే పడతాయి కాబట్టి ఉదాహరణకు స్టేట్ బ్యాంకును తీసుకున్నాను. పద్ధతి మాత్రం ఏ బ్యాంకుకైనా ఒకటే.

ముందుగా ఒక పాత నమ్మకాన్ని వదిలేయాలి. దొంగ మెయిల్‌లో ఇంగ్లీషు తప్పులుంటాయని, లోగో మసకగా ఉంటుందని, చూడగానే తెలిసిపోతుందని చాలామంది ఇప్పటికీ అనుకుంటున్నారు. ఆ రోజులు పోయాయి. ఏఐతో ఇప్పుడు ఎవరైనా చక్కటి ఇంగ్లీషులో, ఆ మాటకొస్తే తప్పుల్లేని తెలుగులో కూడా ఉత్తరం రాయించుకోవచ్చు. లోగోను నేరుగా బ్యాంకు వెబ్‌సైట్ నుంచే దించుకుంటారు. మీ పూర్తి పేరు, ఫోన్ నంబరు, ఒక్కోసారి ఖాతా చివరి నాలుగు అంకెలు కూడా మెయిల్‌లో కనిపించవచ్చు. ఎక్కడో లీకైన డేటాలోంచి అవి దొరుకుతాయి. నా పేరు పెట్టి రాశారు కదా అని నమ్మేయడానికి లేదు.

కాబట్టి మెయిల్ ఎంత నీటుగా ఉందన్నది పక్కన పెట్టండి. అది ఎక్కడి నుంచి వచ్చింది, మిమ్మల్ని ఏం చేయమంటోంది అన్న రెండే చూడాలి. ఆ రెండూ బాగానే ఉన్నాయనిపించినా, మెయిల్‌లో ఉన్న లింకు ద్వారా మాత్రం బ్యాంకులోకి వెళ్లకండి. ఈ వ్యాసంలో మిగతాదంతా మరిచిపోయినా ఈ ఒక్కటి గుర్తుంటే మీ డబ్బు చాలావరకు భద్రంగా ఉంటుంది.

1. తొందరపెడుతున్న వాక్యాన్ని వెతకండి

మెయిల్ తెరవగానే దేనినీ నొక్కకుండా ఒకసారి చివరిదాకా చదవండి. ఎక్కడో ఒకచోట మిమ్మల్ని పరుగెత్తించే వాక్యం ఉంటుంది. "24 గంటల్లో", "ఈరోజే ఆఖరు", "వెంటనే స్పందించకపోతే" లాంటివి. భయపెట్టేది కాకపోతే ఆశపెట్టేది ఉంటుంది: ఈ రాత్రితో ముగిసిపోయే 9,850 రూపాయల రివార్డ్ పాయింట్లు, రావాల్సిన ఆదాయపు పన్ను రీఫండ్, ఉచితంగా పెంచే క్రెడిట్ కార్డు లిమిట్. మూడో రకం ఇంకా ప్రమాదకరం: "మీ ఖాతా నుంచి 49,999 రూపాయలు డెబిట్ అయ్యాయి. ఇది మీరు చేసింది కాకపోతే ఇక్కడ నొక్కండి." ఇది చదివాక ఎవరికైనా గుండె దడదడలాడుతుంది. వాళ్లకు కావాల్సింది ఆ టెన్షనే.

ఇలాంటివి కాలాన్ని బట్టి వస్తుంటాయి. జులైలో పన్ను రిటర్నులు, దసరా దీపావళికి ఆఫర్లు, నవంబరులో పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్, మార్చిలో పాన్, ఆధార్. అందరి మనసులో ఏ పని మెదులుతోందో దానిమీదే మెయిల్ వస్తుంది. శుక్రవారం సాయంత్రమో, రెండో శనివారం ముందురోజో వచ్చిన మెయిల్ విషయంలో ఇంకొంచెం జాగ్రత్తగా ఉండండి. బ్రాంచికి వెళ్లి అడగడానికి వీలుండదు, గడువు మాత్రం ఆదివారంతో అయిపోతుందని రాసి ఉంటుంది.

ఇక కేవైసీ సంగతి, అంటే మీరెవరో నిర్ధారించుకోవడానికి బ్యాంకు తీసుకునే గుర్తింపు, చిరునామా వివరాల సంగతి. దీని గురించి కాస్త తెలిస్తే సగం భయం పోతుంది. రిజర్వ్ బ్యాంకు నియమాల ప్రకారం కేవైసీని మళ్లీ మళ్లీ అప్‌డేట్ చేయడం నిజమే. కానీ బ్యాంకు లెక్కలో తక్కువ రిస్కు ఉన్న ఖాతాదారులకు అది పదేళ్లకోసారి, మధ్యస్థంగా ఉన్నవాళ్లకు 8 ఏళ్లకోసారి, ఎక్కువ రిస్కు ఉన్నవాళ్లకు రెండేళ్లకోసారి. 2025 జూన్‌లో రిజర్వ్ బ్యాంకు ఈ నియమాలను సవరించింది. గడువుకు ముందే బ్యాంకు కనీసం మూడుసార్లు తెలియజేయాలి, వాటిలో ఒకటైనా ఉత్తరం ద్వారా రావాలి. గడువు దాటిన తర్వాత కూడా మరో మూడుసార్లు గుర్తు చేయాలి, అందులోనూ ఒకటి ఉత్తరమే అయి ఉండాలి. మీ వివరాల్లో మార్పేమీ లేకపోతే ఆ మాట ధ్రువీకరిస్తే సరిపోతుంది. అదే బ్యాంకు ఏ బ్రాంచిలోనైనా ఇవ్వొచ్చు, పల్లెల్లో బ్యాంకు మిత్రల (బ్యాంకు తరఫున సేవలందించే ప్రతినిధుల) ద్వారా ఇచ్చే వీలు కూడా కల్పించారు. ఇంత తతంగం ఉన్న పని ఒక్క మెయిల్‌తో మొదలై ఆ రాత్రికే ఖాతా మూసేసేదాకా వెళ్లదు. కేవైసీకి రాత్రి 12 గంటల గడువు పెట్టిన మెయిల్‌ను మీరు అక్కడే అనుమానించొచ్చు.

2. పంపినవాళ్ల అసలు చిరునామా తెరవండి

ఇన్‌బాక్స్‌లో కనిపించే పేరును పంపేవాళ్లు తమకు నచ్చినట్టు పెట్టుకోవచ్చు. "స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా" అని పేరు పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఫోన్‌లో ఈ పేరు ఒక్కటే కనబడి, చిరునామా దాగి ఉంటుంది. చాలామంది మోసపోయేది ఇక్కడే.

జీమెయిల్ యాప్‌లో పంపినవారి పేరు కింద "టు మీ" అని ఉంటుంది, పక్కనే చిన్న బాణం. దాన్ని నొక్కండి. పూర్తి చిరునామా బయటపడుతుంది. అందులో అట్ గుర్తుకు ఎడమవైపు ఏమున్నా పట్టించుకోకండి. "కేవైసీ-సపోర్ట్", "ఎస్‌బీఐ-అలర్ట్స్" అని అక్కడ ఏదైనా రాసుకోవచ్చు. అట్ గుర్తుకు కుడివైపున ఉన్నదే చూడాలి. అక్కడ జీమెయిల్ డాట్ కామ్, అవుట్‌లుక్ డాట్ కామ్ లాంటివి ఉంటే ఇక ఆలోచించేదేమీ లేదు, ఏ బ్యాంకూ అలాంటి ఉచిత మెయిల్ నుంచి ఖాతాదారులకు రాయదు. ఏదో చిన్న కంపెనీదో, విదేశీ కాలేజీదో పేరున్నా అంతే. వాళ్ల మెయిల్‌ను హ్యాక్ చేసి అక్కడి నుంచి పంపుతారు.

కుడివైపున బ్యాంకు పేరులాంటిదే ఉంటే అక్షరం అక్షరం చదవండి. ఇంగ్లీషు చిన్నక్షరాల్లో ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఎమ్‌లా కనిపిస్తుంది. ఎల్ చిన్నక్షరం, ఐ పెద్దక్షరం, 1 అంకె మూడూ దాదాపు ఒకేలా ఉంటాయి. సున్నాకు, ఓ అక్షరానికి తేడా చిన్న స్క్రీన్ మీద తెలియదు. ఫోన్‌లో కళ్లకు ఆనకపోతే ఆ చిరునామాను కాపీ చేసి నోట్స్‌లో అతికించి, అక్షరాలు పెద్దవి చేసి చూడండి.

కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిస్తే ఇంకొంచెం సమాచారం దొరుకుతుంది. అదే బాణం నొక్కితే "మెయిల్డ్-బై", "సైన్డ్-బై" అనే రెండు వరుసలు కనిపిస్తాయి. మెయిల్‌కు వేసిన డిజిటల్ సంతకం ఏ డొమైన్‌దో (అట్ గుర్తుకు కుడివైపున ఉండేలాంటి పేరు) సైన్డ్-బై చెబుతుంది. అక్కడ బ్యాంకు సొంత డొమైన్ ఉంటే మంచి సూచన. సంతకం ఉన్నంత మాత్రాన సరిపోదని మాత్రం గమనించండి. దొంగలు కూడా తమ సొంత డొమైన్‌తో సంతకం చేయగలరు. సంతకం ఎవరిదన్నదే ముఖ్యం.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. రిప్లై నొక్కి, ఏమీ పంపకుండా, "టు" దగ్గర ఏ చిరునామా పడిందో చూడండి. మెయిల్ ఒకచోటి నుంచి వచ్చి, జవాబు మాత్రం సంబంధంలేని ఇంకోచోటికి వెళ్తుంటే అనుమానించాల్సిందే. చూశాక ఆ డ్రాఫ్ట్ తీసేయండి.

3. లింకును నొక్కకుండా చదవండి

అన్నిటికంటే నిదానంగా నేర్చుకోవాల్సింది ఇదే. ఒకసారి వస్తే జీవితాంతం ఉపయోగపడుతుంది.

కంప్యూటర్‌లో అయితే బటన్ మీద మౌస్ పెట్టి ఆగండి, నొక్కకండి. స్క్రీన్ కింద ఎడమ మూలన అసలు లింకు కనిపిస్తుంది. ఫోన్‌లో అయితే బటన్ మీద వేలు పెట్టి అలాగే నొక్కి ఉంచండి. లింకు చూపించే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. వేలు జారి తెరుచుకుంటుందని భయమైతే ఈ పని ఫోన్‌లో చేయకండి, నేరుగా 5వ మెట్టుకు వెళ్లిపోండి. మెయిల్‌లో పైకి కనిపించే అక్షరాలను నమ్మకండి. "ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్" అని రాసి, దాని వెనక పూర్తిగా వేరే లింకు పెట్టడం ఎవరికైనా సాధ్యమే.

లింకు కనబడ్డాక దాన్ని కుడి నుంచి ఎడమకు చదవాలి. మొదట్లో ఉండే "హెచ్‌టీటీపీఎస్", దాని పక్కన రెండు స్లాష్ గీతలు వదిలేయండి. ఆ తర్వాత వచ్చే మొదటి ఒంటి స్లాష్ దగ్గర ఆగండి. దానికి సరిగ్గా ఎడమవైపున ఏముందో అదే ఆ సైటు అసలు యజమాని ఎవరో చెబుతుంది. ఇంటి చిరునామాలో ఇంటి పేరు, వీధి పేరు ఎన్ని ఉన్నా చివరన రాసిన ఊరికే ఉత్తరం చేరుతుంది కదా, ఇదీ అంతే.

ఉదాహరణకు ఒక లింకు ఇలా ఉందనుకోండి: "ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ డాట్ కేవైసీ-వెరిఫై డాట్ ఎక్స్‌వైజెడ్, స్లాష్, లాగిన్". ఎడమ నుంచి చదివితే బ్యాంకు పేరు కనిపించి మనసు కుదుటపడుతుంది. స్లాష్‌కు ఎడమవైపున చివరన ఉన్నది మాత్రం "కేవైసీ-వెరిఫై డాట్ ఎక్స్‌వైజెడ్". అది బ్యాంకు కాదు. ముందు తగిలించిన బ్యాంకు పేరంతా అలంకారం. అలాగే "ఎస్‌బీఐ-బ్యాంక్-ఇన్ డాట్ కామ్" అని చుక్కల స్థానంలో అడ్డగీతలు పెడతారు. అదీ బ్యాంకు కాదు. లింకులో స్లాష్ తర్వాత ఎక్కడో బ్యాంకు పేరున్నా దానికి విలువ లేదు.

ఇక్కడ మనకు ఈమధ్య ఒక మంచి ఆధారం దొరికింది. దేశంలోని బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లను "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" చిరునామాకు మార్చుకోవాలని రిజర్వ్ బ్యాంకు 2025 ఏప్రిల్‌లో ఆదేశించింది. అందుకు అక్టోబరు 31 గడువు పెట్టింది. ఈ చిరునామాలు ఇచ్చే అధికారం ఒక్క సంస్థకే ఉంది. అది మన హైదరాబాద్‌లో ఉన్న ఐడీఆర్‌బీటీ, రిజర్వ్ బ్యాంకు స్థాపించిన బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ. మామూలు డాట్ కామ్ చిరునామాను డబ్బు కట్టి ఎవరైనా కొనుక్కోవచ్చు. డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌ను అలా కొనుక్కోలేరు, బ్యాంకులకు మాత్రమే ఇస్తారు. స్టేట్ బ్యాంకుది ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్, హెచ్‌డీఎఫ్‌సీది హెచ్‌డీఎఫ్‌సీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్, ఐసీఐసీఐది ఐసీఐసీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్. మొదటి ఒంటి స్లాష్‌కు ముందు చివరి రెండు ముక్కలు కచ్చితంగా "బ్యాంక్ డాట్ ఇన్" అయితే ఆ సైటు బ్యాంకుదేనని చెప్పొచ్చు. దాని తర్వాత ఇంకో చుక్క, ఇంకో మాట ఉంటే చెప్పలేం.

నా దృష్టిలో సామాన్య ఖాతాదారుకు ఇంత సులువైన పరీక్ష ఇదివరకు లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లకు మీరు నేర్పాల్సింది ఏదైనా ఉంటే ముందు దీన్ని నేర్పండి.

తాళం గుర్తు గురించి కూడా చెప్పాలి. "లింకు పక్కన తాళం ఉంటే సురక్షితం" అని ఒకప్పుడు బ్యాంకులే చెప్పేవి. మీరు టైపు చేసింది దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే ఆ తాళానికి అర్థం. అవతలి చివర కూర్చున్నది ఎవరో అది చెప్పదు. దొంగ సైటుకూ ఆ సర్టిఫికెట్ ఉచితంగానే దొరుకుతుంది. అందుకే క్రోమ్ బ్రౌజర్ 2023లో ఆ తాళం గుర్తునే తీసేసింది.

పొట్టి లింకులు ఉంటే ఇదంతా చేయాల్సిన పనే లేదు. అసలు చిరునామా దాచిన లింకుతో బ్యాంకు లాగిన్ అడుగుతున్నారంటే అక్కడితో వదిలేయండి.

4. ఏం చేయమంటున్నారో చూడండి

మెయిల్‌లో లింకే ఉండాలని లేదు. స్పామ్ ఫిల్టర్లు లింకులను పట్టేస్తున్నాయి కాబట్టి కొత్త దారులు వెతుకుతున్నారు.

క్యూఆర్ కోడ్ ఒకటి. "స్కాన్ చేసి కేవైసీ పూర్తి చేయండి" అంటారు. క్యూఆర్ కోడ్ అంటే బొమ్మ రూపంలో ఉన్న లింకే, చదవడానికి వీల్లేని లింకు. స్కాన్ చేయొద్దు.

ఫోన్ నంబరు ఇంకొకటి. మెయిల్‌లో లింకూ ఉండదు, అటాచ్‌మెంటూ ఉండదు. "49,999 డెబిట్ అయింది, ఆపాలంటే ఈ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి" అని ఉంటుంది. మీరే ఫోన్ చేస్తారు కాబట్టి అవతలివాళ్ల మీద అనుమానం రాదు. వాళ్లు చాలా మర్యాదగా, ఒక్కోసారి తెలుగులోనే మాట్లాడి, ఎనీడెస్క్ లాంటి స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమంటారు. దానితో మీ ఫోన్‌లో వచ్చే ఓటీపీలన్నీ వాళ్లకు కనిపిస్తాయి. ఈ రకం మోసం గురించి రిజర్వ్ బ్యాంకు 2019లోనే బ్యాంకులను హెచ్చరించింది. ఫోన్ చేయాలంటే మీ డెబిట్ కార్డు వెనక ఉన్న నంబరుకే చేయండి. గూగుల్‌లో వెతికితే దొరికే కస్టమర్ కేర్ నంబర్లు కూడా నమ్మదగినవి కావు.

అటాచ్‌మెంట్ విషయంలో చాలామంది తికమకపడతారు, ఎందుకంటే అసలు బ్యాంకులు కూడా ప్రతినెలా స్టేట్‌మెంట్‌ను పీడీఎఫ్‌గా పంపుతాయి. తేడా ఇలా పట్టుకోండి. బ్యాంకు పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది, అది సాధారణంగా మీ పేరులోని అక్షరాలు, పుట్టినతేదీ లాంటివి కలిపి పెట్టింది. అది మీ నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ కాదు. స్టేట్‌మెంట్ చూడాలంటే నెట్ బ్యాంకింగ్ యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ కొట్టమన్నారంటే మోసం. ఫైలు పేరు చివర హెచ్‌టీఎమ్ఎల్ అని ఉంటే తెరవకండి. తెరవగానే బ్యాంకు లాగిన్ పేజీలాంటిది వస్తుంది, మీరు కొట్టిందంతా వాళ్లకు వెళ్తుంది. ఏపీకే అని ఉంటే అది ఫోన్‌లో వేసుకునే యాప్. ఏ బ్యాంకూ తన యాప్‌ను మెయిల్‌లో పంపదు, ప్లే స్టోర్‌లోనో యాప్ స్టోర్‌లోనో పెడుతుంది.

ఇక పాస్‌వర్డ్, పిన్, సీవీవీ (కార్డు వెనక ఉండే మూడంకెలు), ఓటీపీ మెయిల్ ద్వారా అడిగితే చర్చే అక్కర్లేదు. రిజర్వ్ బ్యాంకు పేరుతో వచ్చే మెయిళ్లూ అంతే. సామాన్యుల పొదుపు ఖాతాలు రిజర్వ్ బ్యాంకులో ఉండవు, మీ ఖాతాను అది బ్లాక్ చేసే ప్రసక్తీ ఉండదు.

5. మీ దారిన మీరు బ్యాంకులోకి వెళ్లండి

మెయిల్ మూసేయండి. ఫోన్‌లో మీరు ఎప్పుడూ వాడే బ్యాంకు యాప్ తెరవండి. లేదా బ్రౌజర్‌లో బ్యాంకు చిరునామా మీరే టైపు చేసి లాగిన్ అవ్వండి. నిజంగా కేవైసీ మిగిలి ఉంటే అక్కడ కనిపిస్తుంది. నిజంగా 49,999 పోయి ఉంటే స్టేట్‌మెంట్‌లో కనిపిస్తుంది. రివార్డ్ పాయింట్లు ఉంటే అవీ ఉంటాయి. ఏమీ లేకపోతే మెయిల్ అబద్ధమని తేలినట్టే. నెట్ బ్యాంకింగ్ లేనివాళ్లు పాస్‌బుక్ పట్టుకుని బ్రాంచికి వెళ్లొచ్చు, ఒకటి రెండు రోజులు ఆలస్యమైనా కొంప మునగదు.

ఈ మెట్టు గొప్పదనం ఏమిటంటే, పైన చెప్పిన పరీక్షలన్నింట్లో మీరు పొరబడినా ఇది కాపాడుతుంది. మెయిల్ నిజమే అయినా మీకు నష్టమేమీ లేదు, పని వేరే దారిలో పూర్తయింది, అంతే.

కొందరు "దొంగ పేజీలో కావాలని తప్పు పాస్‌వర్డ్ కొట్టి చూడండి, తీసుకుంటే అది దొంగది" అని సలహా ఇస్తుంటారు. దయచేసి ఆ ప్రయోగం చేయకండి. ఇప్పటి దొంగ పేజీలు మీరు కొట్టినదాన్ని అప్పటికప్పుడు అసలు బ్యాంకు సైటులో కొట్టి చూస్తాయి. తప్పయితే తప్పని చెబుతాయి కూడా. అది చూసి నమ్మి రెండోసారి అసలు పాస్‌వర్డ్ కొడతారు.

ఓటీపీ దోచే పద్ధతి కూడా ఇదే. మీరు పేజీలో వివరాలు నింపుతుంటే అవతల వాళ్లు అసలు సైటులో లావాదేవీ మొదలుపెడతారు. అప్పుడు మీకు నిజంగా బ్యాంకు నుంచే ఓటీపీ వస్తుంది. అసలు బ్యాంకు నుంచి వచ్చింది కదా అని పేజీలో కొట్టేస్తారు. ఆ ఎస్సెమ్మెస్‌లో అంకెలు మాత్రమే చూసి వదిలేయకుండా మొత్తం చదవండి. అది దేనికో అందులోనే రాసి ఉంటుంది: కొత్త బెనిఫిషియరీని, అంటే డబ్బు పంపడానికి కొత్త ఖాతాను, చేర్చడానికనో, ఫలానా మొత్తం చెల్లించడానికనో. కేవైసీ కోసమని చెప్పి, ఓటీపీ మాత్రం బెనిఫిషియరీ కోసం వస్తే వెంటనే ఆగిపోండి. డబ్బు పోకుండా ఆపగలిగే ఆఖరి క్షణం అదే.

6. మెయిల్‌ను ఏం చేయాలి

వెంటనే డిలీట్ చేయకండి. జీమెయిల్‌లో మూడు చుక్కలు నొక్కితే "రిపోర్ట్ ఫిషింగ్" అని ఉంటుంది (ఫిషింగ్ అంటే ఇలాంటి దొంగ మెయిళ్లతో వివరాలు కాజేయడం), ఫోన్‌లో కనిపించకపోతే కంప్యూటర్‌లో చూడండి. మీరు రిపోర్ట్ చేస్తే అదే మెయిల్ ఇంకొకరి ఇన్‌బాక్స్‌కు చేరకుండా ఆపే అవకాశం పెరుగుతుంది. దాంతోపాటు మీ బ్యాంకుకూ పంపండి. స్టేట్ బ్యాంకు ఇందుకోసం "రిపోర్ట్ డాట్ ఫిషింగ్ అట్ ఎస్‌బీఐ డాట్ కో డాట్ ఇన్" అనే చిరునామా ప్రకటించింది. మిగతా బ్యాంకుల చిరునామాలు వాటి వెబ్‌సైట్‌లో భద్రత గురించిన పేజీలో దొరుకుతాయి. కుటుంబ వాట్సాప్ గ్రూపులో హెచ్చరించాలనుకుంటే స్క్రీన్‌షాట్ పెట్టండి, లింకును మాత్రం ఫార్వర్డ్ చేయకండి. జాగ్రత్త అని పైన రాసినా ఎవరో ఒకరు నొక్కుతారు.

7. ఇప్పటికే నొక్కేసి ఉంటే

ముందు ఒక మాట. ఇలా మోసపోయినవాళ్లలో చదువుకున్నవాళ్లు, బ్యాంకుల్లో పనిచేసినవాళ్లు కూడా ఉన్నారు. సిగ్గుపడి ఇంట్లో చెప్పకుండా దాచుకుంటే నష్టం పెరుగుతుంది. ఇంట్లో ఎవరైనా వచ్చి ఇలా జరిగిందని చెబితే తిట్టకండి, ఆ నిమిషాలు చాలా విలువైనవి.

లింకు తెరిచి, ఏమీ నింపకుండా బయటికి వచ్చేస్తే సాధారణంగా భయపడక్కర్లేదు. ఏ ఫైలూ డౌన్‌లోడ్ కాలేదని చూసుకుని, పేజీ మూసేయండి.

పాస్‌వర్డ్ ఇచ్చేసి ఉంటే వెంటనే అసలు యాప్‌లోకి వెళ్లి మార్చండి. అదే పాస్‌వర్డ్ వేరే చోట్ల వాడుతుంటే అక్కడా మార్చండి. కొత్త బెనిఫిషియరీలు ఎవరైనా చేరారా, లిమిట్ పెరిగిందా, ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఎవరైనా అప్పు తీసుకున్నారా చూడండి. పొదుపు ఖాతాలో డబ్బు అలాగే ఉందని ఊరుకుంటే ఎఫ్‌డీ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

కార్డు నంబరు, సీవీవీ ఇచ్చి ఉంటే యాప్‌లోనే కార్డు బ్లాక్ చేయండి.

ఏపీకే వేసుకుని ఉంటే, స్క్రీన్ షేరింగ్‌కు ఒప్పుకుని ఉంటే ముందు ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, వైఫై కూడా ఆపండి. మిగతా పనులన్నీ వేరే ఫోన్ నుంచి చేయండి. మీ ఫోన్‌లో పాస్‌వర్డ్ మారిస్తే కొత్తది కూడా వాళ్లకు కనిపించవచ్చు.

డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అది దేశమంతటికీ ఒకటే నంబరు, రాష్ట్రాల పోలీసులు నడుపుతారు. మీ డబ్బు చేరిన ఖాతాను గుర్తించి అక్కడ నిలిపేయమని ఆ బ్యాంకుకు సమాచారం వెళ్తుంది. దొంగలు డబ్బును ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు నిమిషాల్లో మార్చేస్తారు కాబట్టి ముందు స్టేషన్‌కు వెళ్దాం, రేపు చూద్దాం అనుకోవద్దు. ఖాతా నంబరు, పోయిన మొత్తం, సమయం, లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకోండి. లైను దొరక్కపోతే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. అదే సమయంలో ఇంట్లో ఇంకొకరు బ్యాంకుకు ఫోన్ చేయాలి. బ్యాంకు ఇచ్చే ఫిర్యాదు నంబరు, సమయం రాసిపెట్టుకోండి.

ఆ సమయం ఎందుకంత ముఖ్యమో చెబుతాను. 2017 జులైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా బయట ఎక్కడో జరిగిన మోసమైతే, ఆ లావాదేవీ గురించి బ్యాంకు నుంచి మీకు సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు మీరు బ్యాంకుకు చెబితే నష్టం మీది కాదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే మీ భారానికి ఒక పరిమితి ఉంటుంది, మామూలు పొదుపు ఖాతాకు 10,000 రూపాయలు. కానీ ఓటీపీయో పాస్‌వర్డో మీరే ఇచ్చిన సందర్భాల్లో, మీరు బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టం మీదే. చెప్పిన తర్వాత జరిగేది బ్యాంకుది. అంటే ఫోన్ చేసిన నిమిషం నుంచి బాధ్యత మారిపోతుంది. ఇప్పటికే పోయింది కదా, ఇక చెప్పి ఏం లాభం అనుకోకూడదు. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా బ్యాంకులపై ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. దానికి ఫీజు లేదు, వివరాలకు 14448 నంబరు ఉంది.

విదేశాల్లో ఉన్నవాళ్లకు

డాలస్‌లోనో దుబాయ్‌లోనో ఉండి ఇక్కడ ఎన్ఆర్ఈ ఖాతా (ప్రవాస భారతీయుల ఖాతా) నడుపుతున్నవాళ్లకు ప్రమాదం కొంచెం ఎక్కువ. బ్రాంచికి వెళ్లి అడగలేరు, బ్యాంకు సమాచారం చాలావరకు మెయిల్ ద్వారానే వస్తుంది, టైమ్ తేడా వల్ల ఫోన్ కలిసేసరికి రాత్రవుతుంది. పైగా విదేశీ పన్ను నివాసానికి సంబంధించిన ఫ్యాట్కా డిక్లరేషన్‌ను బ్యాంకులు నిజంగానే అడుగుతాయి కాబట్టి ఆ పేరుతో వచ్చే దొంగ మెయిల్ సహజంగా అనిపిస్తుంది. మీరూ లింకు వదిలేసి నెట్ బ్యాంకింగ్‌లోనే అది పూర్తి చేయండి. విదేశాల నుంచి కలిసే బ్యాంకు నంబరును అవసరం రాకముందే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. డబ్బు పోతే ఇక్కడ ఉన్న కుటుంబసభ్యుల చేత వెంటనే 1930కి ఫోన్ చేయించండి.

ఈ వారంలో చేసి పెట్టుకోవాల్సినవి

బ్యాంకు యాప్‌లో రోజువారీ బదిలీ లిమిట్‌ను మీకు నిజంగా కావాల్సినంతకు తగ్గించండి. ఇంటి ఖర్చులకు రోజుకు 20,000 చాలనుకుంటే లక్షల్లో లిమిట్ ఎందుకు? అవసరమైన రోజు పెంచుకోవచ్చు. కార్డులో అంతర్జాతీయ వాడకం అక్కర్లేకపోతే ఆపేయండి.

మీ మెయిల్ ఖాతాకు రెండంచెల భద్రత (పాస్‌వర్డ్‌తోపాటు ఇంకో ధ్రువీకరణ కూడా అడిగేది) పెట్టండి. మెయిల్ చేతికి చిక్కితే బ్యాంకు హెచ్చరికలన్నీ వాళ్లే చదువుతారు, మీకు కనిపించకుండా చేయగలరు కూడా. సెట్టింగ్స్‌లో మీకు తెలియని ఫార్వర్డింగ్ చిరునామా ఏదైనా ఉందేమో ఒకసారి చూడండి.

పాస్‌వర్డ్‌లను బ్రౌజర్‌లోనో పాస్‌వర్డ్ మేనేజర్‌లోనో దాచుకునే అలవాటు ఉంటే దానితో ఇంకో లాభం ఉంది. అసలు సైటులో అది తనంతట తానే పాస్‌వర్డ్ నింపుతుంది, నకిలీ చిరునామాలో నింపదు. ఎప్పుడూ నిండే చోట నిండలేదంటే, చేత్తో కొట్టకుండా పైన లింకు మళ్లీ చదవండి.

అమ్మానాన్నల ఫోన్‌లో కార్డు వెనక ఉన్న బ్యాంకు నంబరును, 1930ను వాళ్లకు అర్థమయ్యే పేరుతో తెలుగులోనే సేవ్ చేయండి. ఏ మెయిల్ వచ్చినా, ఏ వేళయినా ముందు మీకు ఫోన్ చేయమని చెప్పండి. వాళ్లు చేసినప్పుడు పనిలో ఉన్నా ఎత్తండి.